సర్వేలో 3 నొక్కి వచ్చాను, ఎందుకో ఇక్కడ రాస్తున్నా

దేవరకొండ_బస్సు | శనివారం, రాత్రి 10:48

యూనివర్సిటీ పేరు చెప్పను, హైదరాబాద్‌లోనే. నిన్న అందరికీ ఒక మెయిల్ వచ్చింది, "క్యాంపస్‌లో వైవిధ్యం, సమ్మిళితత్వం: విద్యార్థుల అభిప్రాయం" అని గూగుల్ ఫారం. సమ్మిళితత్వం అన్న మాటని ఎంఏ తెలుగు చేస్తున్న నా రూమ్మేట్ కూడా రెండుసార్లు చదువుకుంది. కలుపుకుపోవడం అంటే సరిపోయేది కదా, ఇంత నోరు తిరగని మాట పెట్టి అందరినీ కలుపుతారా అంది.

పద్నాలుగు ప్రశ్నలు. అందులో ఆరోది, "ఈ క్యాంపస్ నాది అని మీకు ఎంతవరకు అనిపిస్తుంది? 1 నుంచి 5". కింద ఏమైనా రాద్దామంటే చోటు లేదు. కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని 3 నొక్కాను. 1 నొక్కితే అబద్ధం, 5 నొక్కితే ఇంకా పెద్ద అబద్ధం.

నేను ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడాది. డిగ్రీ వరకు తెలుగు మీడియం, గవర్నమెంట్ కాలేజీ. మొదటి సెమిస్టర్‌లో అందరూ ఒక సెమినార్ ఇవ్వాలి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూస్తూ చదవాలంటే నాకు మాట ఆగిపోతుంది, అందుకని మొత్తం తెలుగు అక్షరాల్లో రాసుకున్నా. "ది మార్కెట్ ఈజ్ సెడ్ టు బి ఇన్ ఈక్విలిబ్రియం వెన్..." ఇలా నాలుగు పేజీలు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గీతలు కూడా పెట్టుకున్నా. బాగానే చదివాను. అయిపోయాక కాగితాలు బెంచీ మీద పెట్టి నీళ్ళు తాగుతుంటే పక్కనమ్మాయి అటు చూసింది, ఏమీ అనలేదు, ఫోన్ తీసింది. నేను లేని ఇంకో గ్రూపులో ఆ ఫోటో తిరిగిందని వారం తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి చెడ్డదేం కాదు, మొన్న నాకు జ్వరమొస్తే వానలో వెళ్ళి మాత్రలు తెచ్చిచ్చింది. ఇప్పుడు దీన్ని 1కీ 5కీ మధ్య ఎక్కడ పెట్టాలో మీరే చెప్పండి.

మీ దగ్గర ఎలా ఉందో రాయండి. పేర్లు మాత్రం వద్దు.

మెస్_టోకెన్ | రాత్రి 11:02

నేను అన్నిటికీ 5 కొట్టేశా. నింపకపోతే హాల్ టికెట్ ఆపుతారని ఎవడో పుకారు లేపాడు, దెబ్బకి మా ఫ్లోర్ మొత్తం 5. రేపు పేపర్లో విద్యార్థులంతా ఆనందంగా ఉన్నారని వస్తే అందులో మా వాటా ఉంది.

బ్రాడీపేట_4వలైను | రాత్రి 11:31

ఫోటో తిప్పడం తప్పే, అందులో రెండో మాట లేదు. కానీ ప్రతిదీ తీసుకెళ్ళి యూనివర్సిటీ మీద వేయడం నాకు అర్థం కాదు. సెంట్రల్ యూనివర్సిటీల్లో ఎస్సీ 15, ఎస్టీ 7.5, ఓబీసీ 27, 2019 నుంచి ఈడబ్ల్యూఎస్ 10. కూడితే 59.5 శాతం. అన్ని క్యాటగిరీల్లోనూ కలిపి దివ్యాంగులకు 5. ఇంతకంటే వైవిధ్యం ఏం కావాలి? మా బ్యాచ్‌లో మేం పదకొండు మందిమి, ఎప్పుడూ ఎవరూ ఎవరి కులమూ అడగలేదు, బిర్యానీ వస్తే అందరి చేతులూ ఒకే ప్లేటులో ఉంటాయి. ఇంగ్లీషు రాకపోతే నేర్చుకోవాలి, నేనూ కిందా మీదా పడి నేర్చుకున్నవాడినే. యూనివర్సిటీ వచ్చి ఒక్కొక్కరి భుజం తట్టాలంటే ఎలా?

ర్యాంకెంత_బ్రో | రాత్రి 11:54

కులం ఎవరూ అడగరు, నిజమే అన్నా. అడగక్కర్లేదు కదా. మొదటి రోజే ఎంట్రన్స్‌లో ర్యాంకెంత అంటారు, చెప్పగానే అవతలివాడి మొహంలో లెక్క మొదలైనట్టు కనపడిపోతుంది. మా వైపు పెద్దవాళ్ళు "మీరేవిట్లు?" అని మొహం మీదే అడిగేస్తారు, ఒక రకంగా అదే నయం. ఇక్కడ చదువుకున్నవాళ్ళు కాబట్టి ఇంటిపేరు అడుగుతారు, దాంతో తేలకపోతే ఊరు, ఊరు చెబితే ఊళ్ళో ఎటువైపు అని. నన్ను ఒక సీనియర్ "రామాలయం వైపా, చర్చి వైపా?" అన్నాడు, నవ్వుతూనే. నేనూ నవ్వాను, అదీ నాకు ఇప్పటికీ మంట.

మీ పదకొండు మంది ఇంటిపేర్లు ఒకసారి కాగితం మీద రాసుకోండి. ఇక్కడ పెట్టొద్దు, మీరే చూసుకోండి.

సిక్కోలు | రాత్రి 12:10

యాస సంగతి ఎవరూ ఎత్తలేదేం? మొదటి వారం "ఏటి సార్" అన్నానని రెండేళ్ళు నా పేరు ఏటి. సినిమాల్లో నవ్వించేవాడు ఎప్పుడూ మా జిల్లా భాషే మాట్లాడతాడు కదా, దాంతో నేను క్లాసులో డౌట్ అడిగినా నవ్వే. డౌట్ మంచిదే అయ్యుంటుంది, ఎవరు విన్నారు గనక. ఇప్పుడు టీవీ న్యూస్ తెలుగు మాట్లాడుతున్నా. సెలవులకి ఇంటికెళ్తే మా అమ్మ "ఏట్రా, కలెక్టరు మాట్లాడినట్టు మాట్లాడతన్నావు" అంటది. అక్కడా నవ్వే, ఇక్కడా నవ్వే.

టాప్_బంక్ | రాత్రి 12:37

నా రూమ్మేట్‌ది మణిపూర్. వాడు ఈ థ్రెడ్ చదవలేడు కాబట్టి వాడి తరఫున నేను. వాళ్ళ ఇంటి నుంచి పులియబెట్టిన చేప వస్తుంది, ఒకసారి కెటిల్‌లో ఉడికించాడు. పది నిమిషాల్లో కారిడార్‌లో పంచాయతీ, వార్డెన్‌కి ఫిర్యాదు, "ఆ వాసన ఏంటి, మనుషులు తినేదేనా" అని. ఫిర్యాదు చేసినవాళ్ళలో ముందున్నవాడిది మచిలీపట్నం వైపు! వాళ్ళింట్లో ఎండుచేపల పులుసు కాస్తే వీధి మలుపు నుంచే తెలుస్తుంది, వాడే నాకు చెప్పాడు, గొప్పగా. ఆ మాటే అడిగితే "అది వేరేరా, అది మన వాసన" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం.

వాడు ఇప్పుడు కెటిల్‌లో మ్యాగీ తప్ప ఏమీ వండడు. తెలుగు మాత్రం నేర్చుకున్నాడు, ఆటో అన్నతో బేరమాడేంత.

డాలస్_ఎండ | ఆదివారం, ఉదయం 6:15

ఇక్కడ సాయంత్రం. 2022లో టెక్సాస్‌కి ఎంఎస్‌కి వచ్చాను, ఇప్పుడు ఉద్యోగం. నాది తిరగబడ్డ కథ. ఇంటి దగ్గర నాకు ఈ వైవిధ్యం అనే మాటతో పనే పడలేదు, ఊళ్ళో నలుగురు లేచి నిలబడే ఇల్లు మాది. ఇక్కడ దిగిన రెండో వారం యూనివర్సిటీ వైవిధ్యం ఆఫీసువాళ్ళు బ్రోషర్‌కి ఫోటో తీశారు, అటు ఒక నల్లజాతి అమ్మాయి, ఇటు ఒక మెక్సికన్ అబ్బాయి, మధ్యలో నేను. జీవితంలో మొదటిసారి నేనే వైవిధ్యం అయ్యాను. ఆ ఆఫీసు ఇప్పుడు లేదు, టెక్సాస్ 2023లో చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో అలాంటి ఆఫీసులు మూతపడ్డాయి.

అసలు చెప్పాలనుకున్నది అది కాదు. అప్పుడు రూమ్ కోసం తెలుగు గ్రూపులో మెసేజ్ పెడితే ఒకతను ఫోన్ చేశాడు. అద్దె, వంట వంతులు, కార్ పూల్ అన్నీ మాట్లాడి చివర్లో "ఇంతకీ మీరు...?" అని ఆగాడు. ఆ ఆగడం అర్థంకాని తెలుగువాడు ఉండడు. నేను చెప్పాను, నాకు రూమ్ వచ్చింది. నాతో ఒకే ఫ్లైట్‌లో దిగిన అబ్బాయి అదే ఇంటికి ఫోన్ చేస్తే ఖాళీ లేదన్నారు. నెల తర్వాత కూడా నా ఎదుటి మంచం ఖాళీగానే ఉంది, దాని మీద నా సూట్‌కేసులు పెట్టుకున్నా.

కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చింది, అంతకుముందు 2019లోనే బ్రాండైస్ యూనివర్సిటీ చేర్చింది. ఇది మనందరినీ దోషుల్ని చేయడమే అని తిరిగిన పిటిషన్ మీద నేనూ సంతకం పెట్టాను. పెట్టేటప్పుడు ఆ మంచం గుర్తురాలేదు. ఈ థ్రెడ్ చదువుతుంటే వచ్చింది.

పెద్దమనిషి_77 | ఉదయం 8:40

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ | ఉదయం 8:52

ఒక కులం పేరు పెట్టి తిట్టిన పోస్టు తీసేశాం. కాలేజీల పేర్లు, ప్రొఫెసర్ల పేర్లు రాసినా అంతే. మిగతా చర్చ బాగుంది, కానివ్వండి.

చెవితో_చదువు | ఉదయం 10:20

దేవరకొండ గారూ, ఒక మాట చెప్పాలి, తప్పుగా అనుకోకండి. మీరు మా క్లాసే అనుకుంటున్నా. ఆ సెమినార్ నేను విన్నాను, ఈక్విలిబ్రియం ముందు ప్రతిసారీ ఊపిరి తీసుకున్నారు. బాగా చెప్పారు. నాకు చూపు లేదు కాబట్టి మీ చేతిలో కాగితం ఏ లిపిలో ఉందో నాకేం తేడా పడలేదు.

పోయిన ఏడాది మీరు క్లాస్ గ్రూపులో సీనియర్ల తెలుగు నోట్స్ పెట్టారు, 212 పేజీల పీడీఎఫ్. అందరూ దండాల బొమ్మలు పెట్టారు, నేనూ పెట్టాను. నాది కూడా డిగ్రీ వరకు తెలుగు మీడియమే, అలాంటి నోట్స్ కోసం ఎంత వెతికానో. కానీ అందులో ఒక్క ముక్క నాకు పనికిరాలేదు. అది డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టింది. చూసేవాళ్ళకి అది అందమైన తెలుగు, కంప్యూటర్‌కి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిపిన ముద్ద. నేను వాడేది ఎన్‌వీడీఏ, ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్, తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది. తెలుగు యూనికోడ్‌లో, అంటే మనం ఫోన్లో కొట్టే తెలుగులా ఉంటే గడగడా చదువుతుంది. మీ నోట్స్ తెరిస్తే "డాలర్, ఎం, బ్రాకెట్, హ్యాష్" అని మొదలుపెట్టింది. మూడు పేజీలు విన్నాను, ఎక్కడైనా తెలుగు వస్తుందేమోనని. అప్పుడే చెప్పొచ్చు కదా అంటారు. అప్పటికే స్లైడ్లు పంపండి, బోర్డు మీద రాసింది చదివి చెప్పండి, లిఫ్ట్ ఎక్కడుంది అని రోజుకి పది అడుగుతున్నా. పదకొండోది అడగబుద్ధి కాలేదు.

సర్వే సంగతి. అందులో నాలుగో ప్రశ్నలో ఐదు మొహాల బొమ్మలున్నాయట, మీ అనుభూతికి తగ్గది ఎంచుకోండి అని. నాకు "ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్, ఇమేజ్" అని వినపడింది. తప్పనిసరి ప్రశ్న, దాటనివ్వదు. ఏదో ఒకటి నొక్కాను. నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

బ్రాడీపేట గారు 5 శాతం అన్నారు, అవును, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది, దాంతోనే వచ్చాను. 2018 మార్గదర్శకాల్లో పరీక్షకి స్క్రైబ్ (మేం చెబితే రాసిపెట్టే మనిషి), గంటకి 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం కూడా ఉన్నాయి. మా దగ్గర స్క్రైబ్‌ని మాత్రం నేనే వెతుక్కోవాలి, పైగా వాడికి ఎకనామిక్స్ తెలిసి ఉండకూడదంటారు. తెలియనివాడికి కర్వ్ ఎలా గీయాలో నోటితో చెప్పడం ఒకసారి ప్రయత్నించండి. "ఎడమ పైనుంచి కుడి కిందికి, కొంచెం లోపలికి వంచు" అన్నాను. పేపర్ దిద్దిన మేడమ్ తర్వాత చెప్పారు, అరటిపండు గీశాడట. మార్కులు అరటిపండుకి తగ్గట్టే వచ్చాయి.

గెస్ట్_లెక్చరర్ | ఉదయం 11:45

నేను విద్యార్థిని కాదు, కానీ మీ వయసువాడినే, గంటల లెక్కన జీతం. సమాన అవకాశాల విభాగం పెట్టాలి, వివక్ష ఫిర్యాదులు చూడటానికి ఒక అధికారి ఉండాలి అని 2012లోనే యూజీసీ నిబంధనలు వచ్చాయి. మీ క్యాంపస్‌లో ఆ అధికారి ఎవరో ఇక్కడున్నవాళ్ళలో ఎంతమందికి తెలుసు? ఇవి కాగితం దాటి రావడం లేదనే కుల వేధింపుల ఆరోపణల మధ్య చనిపోయిన విద్యార్థులు రోహిత్ వేముల, పాయల్ తడ్విల తల్లులిద్దరూ కలిసి 2019లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. మేం చదువుకున్న చోట ఆ విభాగం గది మెట్ల కింద ఉండేది, పాత జవాబు పత్రాల కట్టలతో.

ఇంకోటి. ఇంగ్లీషు నేర్చుకుంటే పోతుంది అన్నారు పైన. పీహెచ్‌డీకి సొంతంగా ఎంట్రన్స్ పెట్టే యూనివర్సిటీలు రాతకి 70, ఇంటర్వ్యూకి 30 ఇవ్వాలని యూజీసీ 2022 నిబంధన. రాతలో పైన ఉన్న పిల్లలు ఆ 30లో ఎలా జారిపోతారో ఇంటర్వ్యూ గది బయట కూర్చుని చూశాను. లోపల అడిగే మొదటి ప్రశ్న సబ్జెక్ట్ గురించి ఉండదు, "టెల్ అస్ అబౌట్ యువర్‌సెల్ఫ్". అక్కడే సగంమంది ఇంటి నుంచి తెచ్చుకున్న ధైర్యం అయిపోతుంది.

మూడో_కాలమ్ | మధ్యాహ్నం 12:30

మా సర్వేలో లింగం దగ్గర "ఇతరులు" ఉంది, సంతోషంగా నొక్కాను. హాస్టల్ ఫారంలో ఆ కాలమే లేదు. ట్రాన్స్‌జెండర్లమైన మమ్మల్ని గుర్తించమని సుప్రీంకోర్టు చెప్పింది 2014లో. ఈ నగరంలోనే నల్సార్ లా యూనివర్సిటీలో 2022లో ఒక హాస్టల్ కింది అంతస్తుని ఆడ, మగ తేడా లేకుండా ఉంచారు. మా దగ్గర వార్డెన్ మేడమ్ రిజిస్టర్ ముందుపెట్టుకుని చాలాసేపు ఆలోచించి "నిన్ను ఎక్కడ పెట్టమంటావమ్మా" అంది. గది ఇంకా రాలేదు, బయట ఉంటున్నా. కానీ అమ్మా అంది చూడండి, ఆ రోజంతా నాకు అన్నం తినాలనిపించలేదు, కడుపు నిండిపోయి.

దేవరకొండ_బస్సు | మధ్యాహ్నం 1:05

చెవితో_చదువు గారూ, పొద్దున్నుంచి మీ పోస్టే చదువుతున్నా. ఆ పీడీఎఫ్ పెట్టిన రోజు నేనేదో పెద్ద సాయం చేశాననుకుని రెండు రోజులు ఆ దండాలే లెక్కపెట్టుకున్నా. మీ దండం కూడా గుర్తుంది. సారీ అంటే చిన్నగా ఉంది, ఏం చేయాలో చెప్పండి.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తా. ఇక్కడ అందరూ నన్ను తెలుగు మీడియం అమ్మాయి అని మాట్లాడుతున్నారు. మాది తండా. ఇంట్లో మా లంబాడీ భాషే, తెలుగు నాకు బడిలో వచ్చింది. మా భాషకి సొంత లిపి లేదు. కాబట్టి ఆ రోజు నా చేతిలో ఉన్నది మూడో భాష, రెండో భాష అక్షరాల్లో. ఫోటో తీసినవాళ్ళకి ఆ సంగతి తెలిస్తే ఇంకెంత నవ్వేవాళ్ళో. మా యాడి, అంటే అమ్మ, ఫోన్ చేస్తే రూమ్‌లోంచి కారిడార్ చివరికి వెళ్ళి మాట్లాడతా ఇప్పటికీ. ఎవరూ ఏమీ అనలేదు, వెళ్ళమని ఎవరూ చెప్పలేదు, కాళ్ళే వెళ్ళిపోతాయి. సర్వేలో నా 3 అదే అనుకుంటా, ఆ కారిడార్.

బ్రాడీపేట_4వలైను | మధ్యాహ్నం 2:18

ర్యాంకెంత_బ్రో, రాశాను. పదకొండులో తొమ్మిది. ఇంకేం అడక్కు.

రిజర్వేషన్ల మీద నా అభిప్రాయం మారలేదు, అది వేరే థ్రెడ్‌లో కొట్టుకుందాం. కానీ మిగిలిన ఇద్దరిలో ఒకడు మేం అరకు వెళ్ళినప్పుడు రాలేదు, డబ్బుల్లేవు అన్నాడు. పోనీ సర్దుతాంలే అంటే వద్దన్నాడు. అప్పుడు మొండివాడు అనుకున్నా. అందరి చేతులూ ఒకే ప్లేటులో అని రాశాను కదా, ఇప్పుడు ఎంత గుర్తు చేసుకున్నా వాడి చెయ్యి ఆ ప్లేటులో కనపడటం లేదు. వాడు ఎప్పుడూ ముందే తినేసి వచ్చానంటాడు.

ర్యాంకెంత_బ్రో | మధ్యాహ్నం 2:25

అడగనులే అన్నా. వాడికి ఒకసారి ఫోన్ చెయ్యి. సారీ గీరీ ఏం చెప్పకు, ఇబ్బంది పడతాడు. సినిమాకి పిలువు.

చెవితో_చదువు | మధ్యాహ్నం 3:40

సారీలు వద్దండీ. చేయాల్సింది చాలా మామూలు పని. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే వత్తులన్నీ చెల్లాచెదురైపోతాయి. దానికంటే పేజీలను బొమ్మలుగా చేసి గూగుల్ డ్రైవ్‌లో డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు గుర్తుపట్టి టెక్స్ట్ ఇస్తుంది. తప్పులు వస్తాయి, పకీ వకీ తేడా తెలీదు దానికి. ఎవరైనా కళ్ళున్నవాళ్ళు పక్కన పెట్టుకుని దిద్దాలి. గ్రాఫులుంటే కింద రెండు లైన్లలో మాటల్లో రాయాలి. అరటిపండు అని మాత్రం రాయకండి.

దేవరకొండ_బస్సు | మధ్యాహ్నం 3:52

1 నుంచి 40 నేను. నా రూమ్మేట్ స్పెల్లింగులు చూస్తానంది, "సమ్మిళితత్వం" అని ఎక్కడైనా కనిపిస్తే కొట్టేస్తుందట.

సిక్కోలు | సాయంత్రం 4:10

41 నుంచి 80 నాకిచ్చియండి. మీ క్లాసు కాదు నేను, పర్లేదు కదా?

మెస్_టోకెన్ | సాయంత్రం 4:33

నేనూ వస్తా. ఎకనామిక్స్ ఓనమాలు కూడా రావు, పకీ వకీ తేడా తెలుసు. అన్నిటికీ 5 కొట్టిన పాపం కొంచెం పోతుంది.

డాలస్_ఎండ | సోమవారం, ఉదయం 5:50

చివరి ముప్పై పేజీలు ఇటు పంపండి. మీరు లేచేసరికి అయిపోతాయి.

చెవితో_చదువు | సోమవారం, రాత్రి 9:15

మొదటి 60 పేజీలు చేరాయి. భోజనం మానేసి విన్నాను. 17వ పేజీలో ఒక తప్పు దొర్లింది, "పెట్టుబడి" రాయాల్సిన చోట "వెట్టుబడి" అని వచ్చింది. కూలి రేట్ల అధ్యాయం అది. దాన్ని దిద్దకండి, నాకు బాగానే అర్థమవుతోంది.

మెస్_టోకెన్ | సోమవారం, రాత్రి 9:21

అయ్యో, ఇందాకే దిద్దేశాను. వెనక్కి పెట్టమంటే పెట్టేస్తా.